చిలీలో నా మొదటి ఓటు: మనిషికి వేశాను, జాబితాకు పడింది

2025 ఎన్నికల నాటికి చిలీలో ఐదేళ్లు చట్టబద్ధంగా నివాసం ఉన్న విదేశీయులకు అధ్యక్ష ఎన్నికలతో సహా అన్ని ఎన్నికల్లోనూ ఓటు ఉండేది. పౌరసత్వం అక్కర్లేకపోయింది. 2025లో నాకా హక్కు వచ్చింది. జూన్ 29న ప్రైమరీ, నవంబర్ 16న అధ్యక్ష, పార్లమెంటు ఎన్నికలు, డిసెంబర్ 14న రెండో విడత, అన్నిట్లోనూ వేశాను. శాంటియాగోలోనూ, ఉత్తరాన గనుల దగ్గరా పనిచేస్తున్న మనవాళ్లు "అసలు మనకి ఓటేంటి, ఆ పార్టీలేంటి, ఎలా వేశావు" అని అడుగుతూనే ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరికి వేశానో మాత్రం రాయను.

నేను 2020 జనవరిలో ఇక్కడికొచ్చాను. అప్పటికి వీధుల్లో నిరసనలు ఇంకా చల్లారలేదు. ఆ అక్టోబర్లో కొత్త రాజ్యాంగం కావాలా అని అడిగితే 78 శాతం మంది కావాలన్నారు. 2022 సెప్టెంబర్లో ముసాయిదా చేతికొచ్చాక దాదాపు 62 శాతం మంది వద్దన్నారు. 2023 డిసెంబర్లో ఇంకో ముసాయిదా వచ్చింది, దాన్నీ తిప్పికొట్టారు. మధ్యలో 2021 అధ్యక్ష ఎన్నికలో వామపక్ష అభ్యర్థి గాబ్రియెల్ బోరిచ్ గెలిచిన రాత్రి మా వీధంతా కారు హారన్లే. ఇవన్నీ పక్కనుండి చూడ్డమే తప్ప నాకు అందులో చోటు లేదు. మన దగ్గర నా ఆఖరి ఓటు 2019 ఏప్రిల్ 11న కాకినాడలో వేసింది. ప్రవాస భారతీయులు స్వయంగా వెళ్లి వేస్తేనే ఓటు. 2024 మే 13న సెలవు దొరకలేదు, టికెట్టూ తలకు మించిన ఖర్చు. ఆ రోజంతా వాట్సాప్‌లో మా వాళ్ల వేళ్ల మీద సిరా ఫోటోలు చూస్తూ కూర్చున్నాను. ఇక్కడా లేదు, అక్కడా లేదు అనిపించింది. ఆ బాధ చిన్నదేం కాదు.

అందుకే ప్రైమరీకి కొన్ని వారాల ముందు ఎన్నికల సంస్థ సెర్వెల్ వెబ్‌సైట్‌లో నా గుర్తింపు నంబరు కొట్టి చూస్తే జాబితాలో పేరు కనబడేసరికి కళ్లు చెమర్చాయి. దరఖాస్తు ఏమీ పెట్టలేదు. 2012 నుంచి ఇక్కడ అర్హత ఉన్నవాళ్ల పేర్లు వాటంతటవే జాబితాలో చేరతాయి. ఒక్క విషయం చూసుకోవాలి: గుర్తింపు కార్డు చేయించుకున్నప్పుడు ఏ చిరునామా ఇచ్చామో ఓటు అక్కడే ఉంటుంది. ఇల్లు మారితే ఎన్నికకు 140 రోజుల ముందే మార్పించుకోవాలి. నేను శాంటియాగోలోని న్యున్యోవాకు మారిన కొత్తలోనే మార్పించాను కాబట్టి ఇబ్బంది రాలేదు. మా ఆఫీసులో ఒక వెనెజువెలా అమ్మాయి మాత్రం ఓటు కోసం ఊరికి ఆ చివరికి వెళ్లాల్సొచ్చింది.

జూన్ 29న ఇక్కడ చలికాలం. ఈ ప్రైమరీ అంటే అప్పుడు అధికారంలో ఉన్న వామపక్ష, మధ్యేవాద కూటమి తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. పార్టీ సభ్యులే వేస్తారేమో అనుకున్నాను. కాదట. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేనివాళ్లు ఎవరైనా వేయొచ్చు, కూటమి బయటి పార్టీలో సభ్యులైతే మాత్రం కుదరదు. మితవాద (రైట్‌వింగ్) పార్టీలు ఈసారి ప్రైమరీ పెట్టుకోలేదు. ఎవళ్లకు వాళ్లు నేరుగా మొదటి విడతకు దిగారు. దీని ప్రభావం నవంబర్లో బాగా కనిపించింది.

ప్రైమరీకి ఓటు తప్పనిసరి కాదు. 9 శాతం మంది దాకానే వేశారు. పోలింగ్ కేంద్రంలో క్యూ అన్నదే లేదు. బల్ల దగ్గర సిబ్బంది కోట్లు వేసుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ ఉన్నారు. నన్ను చూసి అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. బ్యాలెట్ మీద నాలుగు పేర్లు: కమ్యూనిస్టు పార్టీ నుంచి జానెత్ హారా, మధ్య-వామపక్ష పార్టీ పీపీడీ నుంచి కరోలినా తోఆ, బోరిచ్ పార్టీ ఫ్రెంతె ఆంప్లియో నుంచి గొన్సాలో వింతర్, ప్రాంతీయ హరితవాదుల తరఫున హైమె ములెత్. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. రాత్రికి ఫలితం వచ్చింది: హారాకు సుమారు 60 శాతం. 1990లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక ఈ కూటమి తరఫున కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు అధ్యక్ష పదవికి నిలబడడం అదే మొదటిసారి.

మా పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. రిటైరైన టీచరు. జీవితమంతా క్రిస్టియన్ డెమోక్రాట్లకే ఓటేశారు, పార్టీ సభ్యురాలు కూడా. 1964లో ఎదువార్దో ఫ్రెయ్ మొంతాల్వా, 1990లో పాత్రిసియో ఐల్విన్, 1994లో ఫ్రెయ్ కొడుకు, ముగ్గురు అధ్యక్షుల్ని ఇచ్చిన పార్టీ అది. ప్రైమరీ ఫలితం వచ్చిన మర్నాడు ఆవిడ తలుపు తీసి, "చూశావా అమ్మాయీ, ఇప్పుడు నా పార్టీ ఏం చేస్తుంది?" అన్నారు. జూలై చివర్లో ఆ పార్టీ హారాకు మద్దతిచ్చింది, పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేశారు. ఆ వారమంతా ఆవిడ ఇంట్లో టీవీ ఆగలేదు. ఆవిడకు హారా మీద కోపం లేదు. కార్మిక మంత్రిగా పనిగంటలు వారానికి 45 నుంచి 40కి తగ్గించే చట్టం తెచ్చిందని మెచ్చుకునేవారు కూడా. ఆవిడ బాధల్లా ఒకటే: ఒకప్పుడు దేశాన్ని నడిపిన పార్టీ ఇప్పుడు ఇంకొకరి బండిలో చోటు వెతుక్కుంటోందని.

పార్టీల గురించి నేను నేర్చుకున్నదంతా ఆవిడ వంటింటి బల్ల దగ్గరే. అక్టోబర్లో సెర్వెల్ నమూనా బ్యాలెట్లు పెట్టింది. ఆఫీసులో ప్రింటు తీసుకెళ్లాను. అధ్యక్ష బ్యాలెట్ తేలిక, ఎనిమిది పేర్లు. డిప్యూటీలది, అంటే పార్లమెంటు దిగువ సభ సభ్యులది, చూడగానే కళ్లు తిరిగాయి. మాది 10వ జిల్లా: శాంటియాగో నడిబొడ్డు, ప్రొవిదెన్సియా, న్యున్యోవా, మకూల్, సాన్ హోఆకీన్, లా గ్రాంహా కలిపి 8 సీట్లు. ఒక్కో జాబితా సీట్ల కంటే ఒకరిని ఎక్కువగా, అంటే 9 మంది దాకా నిలబెట్టొచ్చు. పైన కూటమిని సూచించే అక్షరం, దాని కింద పార్టీ, దాని కింద నంబర్లతో పేర్లు. పోటీలో ఉన్న పార్టీల పేర్లే రెండు చేతుల వేళ్లకు సరిపోవు.

నేను అప్పటికే ఒకర్ని అనుకున్నాను. సైకిల్ దారుల గురించి, అద్దెల గురించి సూటిగా మాట్లాడే స్వతంత్ర అభ్యర్థి, ఒక పార్టీ జాబితాలో చోటు తీసుకుని నిలబడ్డారు. ఆ పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ నా వేలు పక్కకు తోసి, ఆ పేరుని అరచేత్తో కప్పేశారు. "ముందు పైన ఉన్న అక్షరం చూడు. ఆ జాబితాలో మిగతా ఎనిమిది మంది ఎవరు? వాళ్లు గెలిచినా నీకు ఫర్వాలేదా?" అన్నారు.

అప్పుడు విడమరిచి చెప్పారు. మన దగ్గర లాగా ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లు గెలవడం కాదు ఇక్కడ. ముందు కూటమి మొత్తం ఓట్లు కలుపుతారు, వాటిని బట్టి ఆ కూటమికి ఎన్ని సీట్లో తేలుస్తారు. తర్వాత ఆ సీట్లను కూటమిలోని పార్టీల మధ్య పంచుతారు. ఆఖరికి ఏ పార్టీకి సీటొస్తే అందులో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాళ్లు లోపలికెళతారు. కాబట్టి జాబితాలో ఒకరికి కుప్పతెప్పలుగా ఓట్లు పడితే, ఆ ఊపుకి అదే జాబితాలో రెండు శాతం కూడా రానివాళ్లు డిప్యూటీ అయిపోతారు. పక్క జాబితాలో అంతకు రెండింతలు తెచ్చుకున్నవాళ్లు ఇంట్లో కూర్చుంటారు. 2015 దాకా పద్ధతి వేరు. జిల్లాకు రెండే సీట్లు. ఒక కూటమి రెండూ గెలవాలంటే అవతలివాళ్లకు రెట్టింపు ఓట్లు రావాలి. సైనిక నియంత పినోచెత్ పాలన పెట్టిపోయిన ఆ ఏర్పాటు వల్ల దాదాపు పాతికేళ్లు రెండు పెద్ద కూటములే సీట్లు పంచుకున్నాయి. దాన్ని తీసేసి 2017 నుంచి ఇప్పటి పద్ధతిలో 155 మంది డిప్యూటీలను ఎన్నుకుంటున్నారు. కొత్త పార్టీలకు తలుపు తెరుచుకుంది, పార్లమెంటు ముక్కలు ముక్కలైంది. రెండూ నిజమే అంటారావిడ.

2021 సంగతీ ఆవిడే గుర్తుచేశారు. ఫ్రాంకో పారిసి అనే ఆర్థికవేత్త దేశంలో అడుగు పెట్టకుండా అమెరికా నుంచి ఆన్‌లైన్లో ప్రచారం చేసి అధ్యక్ష పోటీలో మూడో స్థానంలో వచ్చారు. ఆయన పార్టీ, పార్తిదో దె లా హెంతె, 6 డిప్యూటీ సీట్లు గెలిచింది. కొన్నాళ్లకు ఆ ఆరుగురూ పార్టీ వదిలేశారు. "పార్టీ పేరు చూసి వేసినవాళ్ల ఓటు ఏమైనట్టు?" అని ఆవిడ అడిగితే నాకు జవాబు దొరకలేదు. గెలిచిన పార్టీని వదిలి ఇంకో కండువా వేసుకోవడం మనం చూడనిదా!

ఎన్నికకు ముందు నెల రోజులు టీవీలో రోజూ రెండుసార్లు పార్టీల ప్రచార కార్యక్రమం వస్తుంది. అందరికీ ఉచితం. సాధారణ చానెళ్లలో డబ్బులిచ్చి పార్టీ ప్రకటనలు వేయడం నిషేధం. పోలింగ్‌కు రెండు వారాల ముందు నుంచి సర్వేలు ప్రచురించకూడదు. ఆ నిశ్శబ్దంలో టెన్షన్ ఎక్కువే అయింది నాకు.

నవంబర్ 16 ఆదివారం. 2022లో తప్పనిసరి ఓటు తిరిగొచ్చాక ఇదే మొదటి అధ్యక్ష ఎన్నిక. జాబితాలో ఒక కోటీ 57 లక్షల మంది దాకా ఉన్నారు, అందులో విదేశీయులమే 8 లక్షలు దాటాం. ఎనిమిదింటికే వెళ్దామనుకుంటే ఆఫీసులో స్నేహితుడు వద్దన్నాడు. బల్ల దగ్గర సిబ్బంది తక్కువైతే పొద్దున్నే వచ్చిన ఓటర్లనే పట్టుకుని కూర్చోబెడతారట. ఒకసారి వాడు అలాగే దొరికిపోయి రాత్రి దాకా ఉండిపోయాడు. పదిన్నరకు బయల్దేరాను. గుర్తింపు కార్డు, నీలం బాల్‌పెన్ను, టోపీ, నీళ్ల సీసా. పెన్ను మన వెంట మనమే తీసుకెళ్లడం కోవిడ్ నుంచి అలవాటు. దారిలో కొన్నాను, మొత్తం వ్యవహారంలో నాకైన ఖర్చు అదీ, ఆ తర్వాత తాగిన మోతె కొన్ హ్వెసీయో (ఎండు పీచ్ పండ్లు, గోధుమలు వేసిన తీపి పానీయం) గ్లాసూ.

మాది నేషనల్ స్టేడియం. 1973లో సైనిక తిరుగుబాటు జరిగాక వేలమందిని బంధించి హింసించిన చోటు. ఉత్తరం వైపు స్టాండులో అప్పటి చెక్క బెంచీలను అలాగే ఉంచారు. జ్ఞాపకం లేని జాతికి భవిష్యత్తు లేదని పైన రాసి ఉంటుంది. ఓటేయడానికి ఆ ఆవరణలోకి వెళుతుంటే నా ముందున్న ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనూ తీశాను. ఎండ మండిపోతోంది, అయినా మళ్లీ పెట్టుకోబుద్ధి కాలేదు.

క్యూ గంటకు పైనే పట్టింది. ఆలస్యమంతా డిప్యూటీల బ్యాలెట్ మడతల దగ్గరే. నా పేరు వెతకడానికీ కొంచెం పట్టింది. ఇక్కడ అందరికీ తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి, నాకు ఒక్కటే. కుర్రాడు రెండు పేజీలు తిప్పి, "ఇదిగో" అని నవ్వాడు. సంతకం పెట్టాను. వేలికి సిరా లేదు. రెండు బ్యాలెట్లు, వాటిని అతికించడానికి చిన్న స్టిక్కర్లు ఇచ్చారు. మా ప్రాంతంలో ఈసారి సెనేటర్ల ఎన్నిక లేదు కాబట్టి రెండే. ఉన్నచోట మూడు.

లోపల అరుగు లాంటి బల్ల. ప్రతి నంబరు పక్కన చిన్న అడ్డగీత ఉంటుంది, దాన్ని నిలువుగా కోస్తూ ఒక గీత గీయాలి. అంతే ఓటు. రెండు పేర్ల దగ్గర గీస్తే చెల్లదు. అధ్యక్ష బ్యాలెట్ మీద గీత గీసేటప్పుడు చెయ్యి వణికింది. డిప్యూటీల కాగితం ఆ బల్ల మీద పూర్తిగా పరుచుకోలేదు. ఒక కొస కిందికి వేలాడుతుంటే మోకాలితో ఆపి, నా అక్షరం, నా పార్టీ, నా నంబరు వెతికాను. అరచేత్తో పేరు కప్పి ఆ జాబితా మొత్తం ఒకసారి చదివాను. పెద్దావిడ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. కాసేపు ఆగి, అనుకున్న మనిషికే గీశాను. తర్వాత మడతలు. అచ్చులో వచ్చిన గీతల వెంబడే మడవాలి, నంబరున్న చీటీ బయటికి కనబడాలి, పైన స్టిక్కర్ అతికించాలి. బయటికొచ్చి ఇస్తే సిబ్బంది ఆ చీటీ చింపి బ్యాలెట్ మళ్లీ నా చేతికే ఇచ్చారు. పెట్టెలో నేనే వేశాను. "ఓటేశారు" అని ఒకామె పైకి చెప్పింది. ఆ మాట వింటుంటే ఒళ్లు పులకరించింది.

బయటికి రాగానే అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రయింది. "ఏ గుర్తుకేశావే?" అంది. "ఇక్కడ గుర్తులు కాదమ్మా, అందరూ నంబరే చెబుతారు" అన్నాను. "నంబరేమిటే, జనం ఎలా గుర్తుపెట్టుకుంటారు?" అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.

సాయంత్రం ఆరింటికి పోలింగ్ ముగిశాక మళ్లీ వెళ్లాను. ఇది మాత్రం మనవాళ్లు తప్పక చూడాలి. లెక్కింపు ఆ బల్ల దగ్గరే, ఆ సిబ్బందే, జనం కళ్లెదురుగా చేస్తారు. ఎవరైనా నిలబడి చూడొచ్చు. ఒకామె ఒక్కో బ్యాలెట్ విప్పి, పైకెత్తి చూపించి, పేరు బిగ్గరగా చదివింది. "హారా." "కాస్త్." "మత్తేయ్." "హారా." ఇంకొకతను కాగితం మీద ఐదేసి గీతలు గీస్తున్నాడు. ఒక ఓటు మీద గీత పక్కకు జరిగింది. పార్టీ ఏజెంట్లిద్దరూ వంగి చూశారు, ఒకరు అభ్యంతరం చెప్పారు, అది పక్కన రాసుకున్నారు. గొడవ లేదు, అరుపులు లేవు. నా ఓటు కూడా ఆ దొంతరలో ఎక్కడో పైకి లేచి ఉంటుంది. నాకు మన ఈవీఎంల వేగం ఇష్టమే, కానీ ప్రతి ఓటునీ నోటితో చదవడం చూశాక ఇందులోని నమ్మకం వేరు అనిపించింది.

ఎనిమిదింటికల్లా దేశం మొత్తం సంగతి తెలిసిపోయింది. హారా సుమారు 26.9 శాతం, రిపబ్లికన్ పార్టీ హోసె ఆంతోనియో కాస్త్ 23.9. అందరూ నోరెళ్లబెట్టింది పారిసిని చూసి: దాదాపు 19.7 శాతంతో మూడో స్థానం. ఆంటోఫగాస్తాలో ఉన్న మన తెలుగతను అప్పుడే ఫోన్ చేసి, "ఇక్కడ ఆయనే ఫస్టు" అన్నాడు. నాలుగో స్థానం ఇంకో మితవాది యోహానెస్ కైజర్. యూడీఐ, ఆర్‌ఎన్ లాంటి పాత మితవాద పార్టీల ఉమ్మడి అభ్యర్థి ఎవెలిన్ మత్తేయ్ 12.5 శాతంతో ఐదో స్థానంలో పడిపోయారు. మితవాదులకు ప్రైమరీ ఉంటే కథ ఇలా ఉండేది కాదేమో. పెద్దావిడ ఆ రాత్రి మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "అటు పక్క పాత పార్టీలూ అంతే, ఇటు పక్క మావీ అంతే" అన్నారు. ఆవిడ మొహం చూస్తే ఉసూరుమనిపించింది.

ఎవరికీ సగం ఓట్లు రాలేదు కాబట్టి డిసెంబర్ 14న మొదటి ఇద్దరి పేర్లే, చిన్న కాగితం. వెళ్లి రావడానికి అరగంట. కాస్త్ 58 శాతంతో గెలిచారు, హారాకు 42 లోపు. అప్పటి అధ్యక్షుడు బోరిచ్ ఫోన్ చేసి అభినందించడం టీవీలో ప్రత్యక్షంగా చూపించారు, అది ఇక్కడి సంప్రదాయం. గెలిచినవాళ్లు నచ్చినా నచ్చకపోయినా ఆ ఫోన్ కాల్ నాకు చాలా నచ్చింది.

ఇక నా డిప్యూటీ ఓటు. నేను వేసిన మనిషి గెలవలేదు. ఆ జాబితాకు మా జిల్లాలో సీట్లొచ్చాయి, అందులో ఒకటి ఇంకో పార్టీ అభ్యర్థికి వెళ్లింది. చాలా విషయాల్లో ఆయన అభిప్రాయాలు నాకు పడవు. నా ఓటు ఆయన లెక్కలోకీ చేరింది. రెండు రోజులు మనసు ఒప్పుకోలేదు. దేశం మొత్తమ్మీద వామపక్ష, మధ్యేవాద కూటమికి 61, కాస్త్ పార్టీ ఉన్న కూటమికి 42, పాత మితవాదులకు 34, పారిసి పార్టీకి 14. ఎవరికీ సగం లేదు. అందుకే ఆ 14 మంది మాటకు విలువ పెరిగింది. జాబితా చూడమన్న మాట ఎంత బరువైనదో ఇప్పుడు తెలుస్తోంది. వచ్చేసారి నేను జాబితా మొత్తం చదివి, అందులో చివరి పేరు గెలిచినా భరించగలనా అని చూసుకునే గీత గీస్తాను.

ఇంకొకటి. డిప్యూటీల ఎన్నికలో కనీసం 8 ప్రాంతాల్లోనో, పక్కపక్కన ఉన్న 3 ప్రాంతాల్లోనో 5 శాతం ఓట్లు రాక, పార్లమెంటులో కనీసం నలుగురైనా గెలవకపోతే ఆ పార్టీ గుర్తింపు రద్దవుతుంది. ఈ దెబ్బకు చాలా పార్టీలు పోయే పరిస్థితి వచ్చింది. అలాంటి పార్టీలు పక్క పార్టీలో కలవడమో, మళ్లీ సంతకాలు పోగేయడమో చేయాలి. కాబట్టి ఇప్పుడు మీరు నేర్చుకున్న పేర్లు వచ్చే ఎన్నికకు మారిపోవచ్చు. వచ్చే మున్సిపల్, ప్రాంతీయ ఎన్నికలు 2028 అక్టోబర్లో. అప్పటికి ఓటు హక్కు వచ్చేవాళ్లు ముందు చిరునామా సరిచూసుకోండి, పోలింగ్ రోజు పదింటి తర్వాత వెళ్లండి, నీలం పెన్ను మర్చిపోకండి, సాయంత్రం లెక్కింపుకి తప్పకుండా ఉండండి.